కరివేపాకు న్యాయం

పంక్తిలో కూర్చున్నవారి విస్తళ్ళ అంచులు చూడండి. కరివేపాకు రెబ్బలన్నీ అక్కడే వుంటాయి. పులుసుకు వాసన తెచ్చిపెట్టిందీ అదే, ఏరి అవతల పారేసేదీ దాన్నే. ఈ అన్యాయం రసాయన శాస్త్రంలో కూడా చాలాకాలంగా నడుస్తున్నదంటే నమ్ముతారా? కాకపోతే అక్కడ పారేసే కరివేపాకు ఖరీదు బంగారంతో పోటీ పడుతుంది.

మందులు తయారుచేసే చోట పెల్లేడియం, రోడియం, ఆస్మియం వంటి లోహాలది పెళ్ళిళ్ళ పేరయ్య ఉద్యోగం. ఒకదాన్నొకటి పలకరించుకోని అణువులను దగ్గరకు చేర్చి, ముడి వేయించి, తాను ఏ సంసారంలోనూ చిక్కుకోకుండా మరో సంబంధానికి బయలుదేరుతాడు పేరయ్య. ఇటువంటి పదార్థానికి 'ఉత్ప్రేరకం' అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, తెలుగు పంతులుగా ఆయనకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. పురికొల్పేది అని అర్థం. పెల్లేడియం చేత కర్బనానికి కర్బనాన్ని ముడివేయించిన హెక్, నెగిషి, సుజుకీలకు 2010లో నోబెల్ బహుమానం వచ్చింది.

చిక్కల్లా పెళ్ళి అయిన తరువాతనే. పేరయ్య మామూలుగా ద్రావణంలో కరిగిపోయి వుంటాడు. పందిట్లో ఎక్కడున్నాడో పట్టుకోవడం కష్టం. పోనీ వదిలేద్దామా అంటే మందుబిళ్ళతోపాటు మన కడుపులోకి వస్తాడు. నోటితో పుచ్చుకునే మందుల ద్వారా రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి పెల్లేడియం వెళ్ళరాదని అంతర్జాతీయ నిబంధన. పారబోద్దామా అంటే ఏ వాగులోకి? పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీల మురుగుతో పాడైన నక్కవాగు సంగతి విన్నవారు ఆ మాట అనలేరు. కృష్ణ నీళ్ళు తాగే బెజవాడ వాళ్ళం, మనం అసలే అనలేం.

అమ్మమ్మలు కషాయం కాచేటప్పుడు మూలికలను పలచని గుడ్డలో మూటగట్టి గిన్నెలో వేస్తారు. పని కాగానే మూట పైకి తీస్తారు. శాస్త్రజ్ఞులూ ఆ దారే పట్టారు, గుడ్డకు బదులు పాలిమర్ పూసలు తీసుకున్నారు. 1963లో మెరిఫీల్డ్ పాలీస్టైరీన్ పూసలకు తగిలించి ప్రొటీన్ ముక్కలను అల్లి చూపించాడు. 1971లో గ్రబ్స్, క్రోల్ అనే ఇద్దరు అటువంటి పూసలకే రోడియం సమ్మేళనాన్ని కట్టారు. పని ముగిశాక వడపోస్తే పూసలు పైన, సరుకు కింద. ఆ పూసలే మళ్ళీ రేపటి వాయికి!

ఈ కథలో మన వాళ్ళ అధ్యాయం ఒకటి వున్నది. హైదరాబాదు తార్నాకలో 1944లో మొదలై, 1989 నుంచి ఐ.ఐ.సి.టి. అని పిలవబడుతున్న పరిశోధనశాలలో బి.ఎం. చౌదరిగారు, తరువాత ఆ సంస్థకు డైరెక్టరు అయిన ఎం. లక్ష్మీకాంతంగారు, వారి సహచరులు ఆస్మియాన్ని కట్టివేసే పని పెట్టుకున్నారు. ఆస్మియం టెట్రాక్సైడు ఖరీదుకు ఖరీదు, పైగా ఆవిరై కళ్ళకు హాని చేసే రకం. వారు దాని అయానును, మట్టి పొరలలాంటి ఒక పదార్థం మీదా, రెజిన్ పూసల మీదా అయానుల మార్పిడి పద్ధతిలో నిలిపి 2001లో ప్రకటించారు. మీ అపార్టుమెంటులో బోరు నీళ్ళ కఠినత్వం విరచడానికి సాఫ్ట్‌నర్ వుంటే, అందులోని పూసలు ఈ రెజిన్‌కు జ్ఞాతులే.

మట్టి పొరలతో ఒక ఇబ్బంది వచ్చింది. కొన్ని ఆక్సీకరణ పదార్థాలను కలిపితే, వాటి అయానులు వచ్చి ఆస్మియాన్ని లేవగొట్టి ఆ చోట తామే కూర్చున్నాయి. రైల్లో మనం మంచినీళ్ళకు దిగితే మన సీటుకు పట్టే గతి. రెజిన్ మీద కట్టిన ఆస్మియం ఆ ఒత్తిడికి తట్టుకున్నది. 2002లో వారు ఈ తేడా కూడా దాచకుండా రాశారు. నాకు వారి విజయం కన్నా ఈ రాత ఎక్కువ నచ్చింది.

ఎందుకంటే "మా ఉత్ప్రేరకాన్ని అయిదుసార్లు వాడాం, దిగుబడి తగ్గలేదు" అని రాయడం చాలా తేలిక. మొదటిసారి గంటలో అయిన పని అయిదోసారి పదకొండు గంటలు పట్టిందనుకోండి. పన్నెండో గంటకు వచ్చి మూత తీసేవాడికి రెండూ ఒకటే! సగం పనిలో వుండగా వేగం కొలిస్తేనే ముసలితనం బయటపడుతుంది.

రెండో పరీక్ష ఇంకా గట్టిది. కషాయంలో మూట సారం దిగాలి, ఇక్కడ మాత్రం లోహం దిగకూడదు. పెల్లేడియం గడుసుది. వేడిలో పూసను వదిలి ద్రావణంలోకి దిగి పనిచేసి, చల్లారాక ఏమీ ఎరగనట్లు మళ్ళీ పూస మీదికి చేరగలదు. చల్లార్చి వడపోస్తే దొంగ దొరకడు. అందుచేత పొగలు కక్కుతుండగానే వడపోసి, పూసలు లేని ఆ ద్రావణాన్ని అదే వేడిలో వుంచి చూస్తారు. పని ఆగిపోతే సరే. ఇంకా సాగుతూనే వుంటే, మూటకు ఎక్కడో చిల్లు పడిందన్నమాట.