హెపటైటిస్ ‘సి’ – ఒకే జబ్బు, ఎనిమిది రకాలు

“డాక్టరుగారూ! 2008లో మా బావగారికి ఈ జబ్బుకే ఆరు నెలలు ఇంజక్షన్లు చేశారు. ఆయన స్నేహితుడికి ఏడాది చేశారు. నాకేమో మూడు నెలలు మాత్రలు చాలంటున్నారు. ఇందులో ఏది నిజం?” అని ఒకాయన అడిగారు. మూడూ నిజమే!

హెపటైటిస్ ‘సి’ కాలేయానికి పట్టే వైరస్ జబ్బు. ఈ వైరస్‌ను 1989లో కనుగొన్నారు. ఇది రక్తం ద్వారా అంటుకుంటుంది. కలిసి భోజనం చేసినంత మాత్రాన రాదు. చాలామందికి మొదట్లో కామెర్లు కూడా కనిపించవు. ఇరవై, ముప్ఫై ఏళ్ళు లోలోపలే కాలేయాన్ని గట్టిపరచి, చివరకు పొట్టలో నీరు, రక్తపు వాంతులు, ఒక్కొక్కరిలో క్యాన్సరు కూడా తెచ్చిపెడుతుంది.

ఈ వైరస్‌లో ఎనిమిది రకాలున్నాయి. వాటిని అంకెలతోనే పిలుస్తారు. అమెరికాలో 1వ రకం ఎక్కువ. మన దేశంలో 3వ రకం ఎక్కువ; దక్షిణాదిన 1వ రకం కూడా బాగానే కనిపిస్తుంది. ఆగ్నేయాసియాలో 6వ రకం వుంది. 8వ రకాన్ని 2018లో, పంజాబు ప్రాంతం నుంచి కెనడా వెళ్ళినవారిలో గుర్తించారు.

ఈజిప్టులో 4వ రకం వ్యాపించిన తీరు మనకొక పాఠం. అక్కడ నత్తల ద్వారా వచ్చే ఒక పరాన్నజీవి జబ్బును అరికట్టడానికి 1950ల నుంచి 1980ల దాకా ఊరూరా ఇంజక్షన్లు చేశారు. సూదులు, సిరంజీలు సరిగా శుభ్రపరచకుండా ఒకరివి మరొకరికి వాడటంతో ఒక జబ్బు పోబోయి మరొకటి వచ్చింది. కాబట్టి జ్వరం రాగానే “ఒక సూది వెయ్యండి” అని అడిగే అలవాటు మానండి. అవసరమైతే కొత్త సూది, కొత్త సిరంజి మీ కళ్ళ ముందే విప్పమనండి.

పూర్వం ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్ల కాలంలో 3వ రకానికి 24 వారాలు, 1వ రకానికి 48 వారాలు వైద్యం చేసేవారు. అంత చేసినా 1వ రకంలో సుమారు సగం మందికే నయమయ్యేది. బావగారికీ స్నేహితుడికీ వచ్చిన తేడా అదే. అలాగని 3వ రకం మెత్తనిది కాదు. కాలేయంలో కొవ్వు చేర్చి, త్వరగా గట్టిపరుస్తుంది.

ఇప్పుడు అన్ని రకాలకూ పనిచేసే మాత్రలున్నాయి. సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. కాలేయం బాగా చెడినవారికి మందు, గడువు మారవచ్చు. మొదటిసారి వైద్యం చేసేటప్పుడు చాలామందికి రకం తేల్చే పరీక్ష అవసరం లేదు, తిరగబెట్టినవారికి ఉపయోగపడవచ్చు. 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం క్రింద నిర్ణీత ప్రభుత్వ ఆస్పత్రులలో ఈ మందులు ఉచితం.

2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవారు, డయాలిసిస్ చేయించుకునేవారు, పచ్చబొట్లు పొడిపించుకున్నవారు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. యాంటీబాడీ వున్నదనగానే బెంబేలు పడకండి. వైరస్ ఇంకా వున్నదీ లేనిదీ ఆర్.ఎన్.ఏ. పరీక్షలో తేలుతుంది. నయమైనా యాంటీబాడీ పోదు; అది రక్షణా ఇవ్వదు. దీనికి టీకా లేదు. మళ్ళీ అంటుకోవచ్చు.

పసరు మందులతో కాలయాపన చెయ్యకండి. సారా, బ్రాందీ ముట్టకండి. ఒంట్లో బాగుందని మాత్రలు మధ్యలో ఆపకండి. రకం ఏదైనా, సకాలంలో వచ్చినవారికి నయమవుతుంది.