సిమెంటు కంటే పట్టు ముఖ్యం



"సిస్టర్, పోయిన నెల పెట్టించిన సిమెంటు అప్పుడే ఊడిపోయింది. సరుకు మంచిది కాదేమో!" అని జహనుమా చుట్టుపక్కల నుండి వచ్చే పేషెంట్లు మాతో తరచుగా అంటుంటారు. సరుకు కంటే, అది పన్నును పట్టుకునే తీరే ముఖ్యమని మా అభిప్రాయం.

పాతకాలపు వెండి సిమెంటు దానంతట అది పన్నుకు అంటుకోదు. గుంతను లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా తొలిచి బిగించాలి. అందుకు కొంత మంచి పన్ను కూడా పోతుంది. 1955లో అమెరికాలో డాక్టర్ మైఖేల్ బ్యూనోకోర్, పంటి పైపొర అయిన ఎనామెల్‌కు ఫాస్ఫారిక్ ఆమ్లం రాస్తే రెసిన్ గట్టిగా అంటుకుంటుందని చూపించారు. నేటి పంటి రంగు సిమెంటుకు అదే పునాది. మేస్త్రీ నున్నటి గోడకు గాట్లు పెట్టిన తరువాతే ప్లాస్టరింగ్ చేస్తాడు కదా! ఇదీ అంతే. 35 నుండి 37 శాతం ఆమ్లం జెల్‌ను సుమారు 15 సెకన్లు ఉంచి కడిగితే కంటికి కనపడని గుంటలు ఏర్పడతాయి. బాండింగ్ ద్రవం వాటిలోకి దిగి, నీలి కాంతి తగలగానే గట్టిపడుతుంది.

లోపలి పొర డెంటిన్‌లో నీరు, సన్నని నారపోగులు ఉంటాయి. ద్రవం ఆ పోగుల మధ్య అల్లుకోవాలి. మరీ ఎండగొడితే పోగులు అణగిపోతాయి. ఉమ్మి గానీ రక్తం గానీ తగిలితే పట్టు చెడుతుంది. అందుకే డాక్టరుగారు దూది పెడతారు, లేదా రబ్బరు షీటు కడతారు.

కాబట్టి "ఆటో ఆగి ఉంది, త్వరగా కానివ్వండి" అని తొందరపెట్టవద్దని మా మనవి. క్యూ ఎంత పొడుగున్నా ఈ పనిని హడావుడిగా ముగించకూడదని వైద్య సిబ్బందికీ చెబుతాము. కూలి పోతుందన్న మాట నిజమే. కానీ సిమెంటు ఊడితే రెండో రోజు కూలి కూడా పోతుంది. అంచున సందు ఏర్పడితే అడుగున పుప్పి చేరి, చివరికి పన్నే పోవచ్చు.

నోరు తెరిచి కూర్చోలేని చిన్నపిల్లలకు గ్లాస్ అయనోమర్ సిమెంటు గురించి అడగండి. అది అంత దృఢమైనది కాకపోయినా, పంటిలోని కాల్షియంతో తనంతట తానే కలిసి పట్టుకుంటుంది. కొద్దిపాటి తడిని ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్‌ను కూడా విడుదల చేస్తుంది.

నల్గొండ వంటి ఫ్లోరైడ్ నీటి ప్రాంతాలలో పెరిగినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మచ్చల పళ్ళ మీద ఆమ్లం అంత తేలికగా పనిచేయదు.

భోజనం చేసి, నోరు శుభ్రం చేసుకుని రండి. జర్దా పాన్ వద్దు. సిమెంటు ఊడితే పన్ను పీకించుకోవడానికి తొందరపడక, వెంటనే చూపించండి. ఖర్చు భారమైతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. కాసేపు ఓపికగా నోరు తెరిచి కూర్చుంటే ఆ పన్ను ఏళ్ళ తరబడి మీతోనే ఉంటుంది.