దేవదాసుని చూసి ఏడ్చాక

1917లో అచ్చయిన శరత్‌బాబు 'దేవదాసు' మనమిప్పుడు ఉంటున్న ఈ బెంగాల్ కథే. 1935లో పి.సి. బారువా దాన్ని ఇక్కడి న్యూ థియేటర్స్‌కే సినిమాగా తీశారు. 1953లో అక్కినేని నాగేశ్వరరావు తెలుగు దేవదాసు అయ్యారు. టీవీలో ఎప్పుడు వేసినా మా ఇంట్లో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. "పాపం, పార్వతి కోసం తాగి తాగి పోయాడు" అంటారు. అదే వీధిలో ఎవరైనా తాగి పడిపోతే ముక్కు మూసుకుని తప్పుకుంటారు! పార్వతి దూరమైంది నిజమే, కానీ చంపింది తాగుడు. జమీందారు బిడ్డ కాబట్టి అన్నాళ్లు గడిచింది. కూలివాడైతే ఇంట్లో పొయ్యి వెలగదు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఏడ్చి ఊరుకోలేదు. అక్షరాస్యత తరగతిలో తాగుడు మీద ఒక పాఠం చదివారు. అది తమ ఇంటి కథే అనిపించింది. ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. పాఠం చదివినవాళ్లు ఇంత చేశారు, సినిమా చూసినవాళ్లం మనమేం చేశాం?

సినిమా చూడొద్దనను. పాటలు బాగుంటాయి, నేనూ వింటాను. కానీ దేవదాసు దగ్గే సీను రాగానే ఎవరైనా "ప్రేమంటే అదీ!" అంటే, అతని వెంటే తిరిగి చాకిరీ చేసిన ధర్మదాసు సంగతేమిటని అడుగుతాను.