కాయలు అమ్మాక చూద్దాం

మా ఇంట్లో ఏ ఖర్చు మాట ఎత్తినా మా వారి నోట వచ్చేది ఒకటే మాట, "కాయలు అమ్మాక చూద్దాం" అని. అద్దంకి చుట్టుపక్కల మిరప వేసే ఇళ్ళలో మీరూ వినే ఉంటారు. ఈసారి ఖర్చు పాప లాప్‌టాప్. ఇంజినీరింగ్ మొదటి ఏడాది, సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఉంది. టిక్కీలేమో కోల్డ్ స్టోరేజీలో ధర కోసం ఎదురుచూస్తున్నాయి.

మా అక్క కొడుకు వాడి వదిలేసిన లాప్‌టాప్ ఒకటి బీరువా మీద ఉంది, 4 జీబీ ర్యామ్‌ది. షాపుకి తీసుకెళ్తే, "దీనికి విండోస్ 11 ఎక్కదమ్మా, విండోస్ 10కి 2025 అక్టోబరుతో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, కొత్తది తీసుకోండి" అన్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు. ఆ పాత పెట్టెలో లినక్స్ చక్కగా నడుస్తుందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

కొనే స్తోమత లేకపోతే మన తప్పేం లేదండీ. కానీ కొనేదాకా పిల్లని ఆగమనడం నాకు నచ్చలేదు. అదే మగపిల్లాడైతే అప్పో సప్పో చేసి కొనేవాళ్ళం కదా? మా ఇంట్లో ఆ మాట అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు.

నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. అయినా పాప పక్కన నేనే కూర్చున్నాను. లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం తీసుకున్నాం. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే మంచిదన్నారు. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే పనిచేయదు, ఎచర్ లాంటి చిన్న ప్రోగ్రాంతో ఎక్కించాలి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, కీబోర్డు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవచ్చు.

డిస్క్ మొత్తం చెరిపేయనా అని అడిగే చోట ఒక్క నిమిషం ఆగండి. మా అత్తయ్యగారి చివరి ఫోటోలు అందులోనే ఉన్నాయని సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది నాకు. గుండె ఝల్లుమంది. అన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాకే ముందుకి వెళ్ళాం.

తర్వాతి పని వంటింటి లెక్కే. కొట్టుకి సరుకుల చీటీ పంపినట్టు టెర్మినల్‌లో ఒక్క వరుస రాస్తే చాలు: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ జీనీ థానీ. (ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి సుమా!) మొదటిది సీ కంపైలర్ ఉన్న మూట, జీనీ ఎడిటర్. థానీ పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్ళది, ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఒక్క రూపాయి కట్టలేదు.

కాలేజీలో అందరూ వీఎస్ కోడ్ అంటారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళది, ఉచితమే, మంచిదే. కానీ మా పాత పెట్టెలో దానితోపాటు బ్రౌజరు కూడా తెరిస్తే ఆయాసపడిపోయింది. జీనీ చాలు. ఐదు ఎడిటర్లు ఎక్కించి, రంగులు మార్చుకుంటూ ఒక్క ప్రోగ్రామూ రాయని పిల్లలున్నారు. పోపులపెట్టె సర్దుతూ కూర్చుంటే కూర ఉడుకుతుందా?

ఇంగ్లీషులో ఫ్రీ అంటే రెండర్థాలు. మనకి ఉచితం, స్వేచ్ఛ అని వేరువేరు మాటలున్నాయి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించింది రెండో అర్థంలోనే: లోపలేముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కింటివాళ్ళకి పంచొచ్చు. మా పాప వాడే సీ కంపైలర్ ఆ ప్రాజెక్టుదే. హైదరాబాదులో ఇదే పని చేసే సంస్థ పేరు కూడా స్వేచ్ఛ. దొంగ విండోస్ వేయించుకుని బిక్కుబిక్కుమంటూ వాడే ఖర్మ మనకెందుకు?

ఇబ్బందులు లేవని చెప్పను. కొన్ని కాలేజీల ఆన్‌లైన్ పరీక్షలకి విండోసే కావాలంటారు, ముందే కనుక్కోండి. మా దాని బ్యాటరీ నలభై నిమిషాలే వస్తుంది. అందుకే మిక్సీ ప్లగ్గు పక్కన బల్ల వేశాం.

మొదటి ప్రోగ్రాం కంపైల్ చేస్తే తప్పు చూపించింది. పాప పది నిమిషాలు వెతికింది. ఐదో వరుస చివర చుక్క-కామా లేదని కనిపెట్టింది నేనే, బియ్యంలో రాళ్ళు ఏరిన కళ్ళు కదా! "అమ్మా, నువ్వు కూడా నేర్చుకోవే" అంది. రాత్రి గిన్నెలు కడిగాక ఒక గంట నేను పైథాన్ మొదలుపెట్టాను. టిక్కీలు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి.