జొన్నగిరికో సీజనుంది

తొలకరి పడగానే కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచి ఏటా ఒకే వార్త వస్తుంది, దాదాపు అదే ఫోటోతో. తుగ్గలి మండలం జొన్నగిరి చేలల్లో నడుములు వంచి నేలకేసి చూస్తూ తిరిగే మనుషులు. వజ్రాల వేట. నా హైదరాబాదు మిత్రులు దాన్ని షేర్ చేసి, కింద "ఆశకు అంతు లేదు కదా" అని రాసి, ఒక నవ్వు బొమ్మ పెడతారు. నాది ఆదోని కాబట్టి నన్ను ట్యాగ్ చేయడం కూడా మర్చిపోరు.

ఆ ఆశకు అంతుంది. జొన్నగిరికి వెతకడానికొచ్చే మనిషికి మనకన్నా లెక్క బాగా తెలుసు. అంతు లేని ఆశ ఎక్కడుందో చూడాలంటే గచ్చిబౌలిలోనో, బెంగళూరు మారతహళ్లిలోనో పగలంతా ఆఫీసు పని చేసి, రాత్రి పదకొండింటికి సొంత ఆన్‌లైన్ కొట్టుకి వచ్చిన మెసేజీలకి జవాబులు రాసుకునే మన స్నేహితుల దగ్గర చూడాలి. చేనేత, ఊరగాయలు, తెలుగు అక్షరాల టీషర్టులు, బుక్‌మార్కులు, సబ్బులు. మూడేళ్లుగా రూపాయి మిగలదు. మూసేయొచ్చు కదా అంటే "ఈ దీపావళి దాకా చూద్దాం" అంటారు. దీపావళి పోతుంది, సంక్రాంతి వస్తుంది. మన క్యాలెండర్‌లో పండగలకేం కొదవ!

జొన్నగిరిలో ఎలా వెతుకుతారో చెప్తాను. రాత్రి గట్టి వాన పడి, పొద్దున ఎండ కాస్తే ఆ రోజు మంచిదని లెక్క. మీదిమన్ను కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి, ఎండకి మెరుస్తాయి. పగిడిరాయి, పెరవలి, మద్దికెర చేలల్లోనూ ఇదే తంతు. అనంతపురం నుంచి, బళ్లారి నుంచి కూడా వస్తారు. సద్ది కట్టుకుని వచ్చి, గుడి అరుగు మీదో చెట్టు కిందో పడుకుంటారు. వజ్రకరూరు ప్రాంతంలో కింబర్లైట్ శిలలున్నాయని భూగర్భశాస్త్రం చదివినవాళ్లు చెప్తారు. రాయలవారి కాలంలో వజ్రాలు రాశులు పోసి అమ్మినారని పెద్దవాళ్లు చెప్తారు. ఎవరి మాట నమ్మినా వంగవలసిన నడుము ఒక్కటే.

ఆ మనిషి వెంట తెచ్చుకునేదెంత? బస్సు చార్జీలు, నాలుగు రోజుల తిండి, వదులుకున్న నాలుగు రోజుల కూలి. అవి అయిపోతే ఇంటికి పోతాడు. ఇంకా ఉందామనుకున్నా రైతు ఉండనివ్వడు. విత్తిన చేలో అడుగు పెడితే ఊరుకోడు, కొందరైతే ముందే బోర్డు పాతేస్తారు. ఎంత పోగొట్టుకోవచ్చో, ఎన్నాళ్లు పోగొట్టుకోవచ్చో రెండూ ముందే తేలిపోయి ఉంటాయి. ఇదే పడమటి ఊళ్ల నుంచి గుంటూరు వైపు మిరపకోతలకి సుగ్గికి పోయే కుటుంబాలకి కూడా ఎప్పుడు తిరిగి రావాలో తెలుసు. మన ఆన్‌లైన్ కొట్టుకి విత్తే రోజు లేదు. చేనుగలాయన వచ్చి గెదమడు. పైగా "మీ ప్లాన్ రేపటితో ముగుస్తుంది, ఇప్పుడే రెన్యూ చేస్తే ఇరవై శాతం తగ్గింపు" అని ప్రేమగా మెయిల్ పంపుతాడు.

సీజన్లో జొన్నగిరిలో రోజూ డబ్బు చూసేవాళ్లు కొందరున్నారు. టీ బంకు ఆయన, ఆటో ఆయన, దొరికిన రాయిని గుట్టుగా కొనే వ్యాపారి. మన వ్యాపారంలో వాళ్ల చోట్లో ప్రకటనలమ్మే కంపెనీ ఉంటుంది, కొరియర్ ఉంటుంది, "నెలకి లక్ష సంపాదించండి" అని కోర్సులమ్మే వక్త ఉంటాడు. పట్టుదల గురించి మనకి ఎక్కువ చెప్పేది వీళ్లే. పట్టుదల సడలితే వీళ్ల బేరం పోతుంది మరి. ఇక వార్తల సంగతి. రాయి దొరికిన రైతు పేపర్లోకి ఎక్కుతాడు, లక్షలంటారు, కోటి దాటిందంటారు. ఏమీ దొరకనాయన గుత్తి బస్సెక్కి ఇంటికి పోయాడని ఎవరు రాస్తారు?

నేనూ ఒక కొట్టు నడిపాను. 2021 జూన్‌లో మొదలుపెట్టాను. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన దుప్పట్లు, తువ్వాళ్లు. మొదలుపెట్టిన రోజే నోటుబుక్కు మొదటి పేజీలో 31-3-2024 అని రాసుకున్నాను. ఆ తేదీకి నా జీతంలోంచి పైసా వేయకుండా కొట్టు తన ఖర్చు తాను పెట్టుకోవాలి, అమ్మ చేసే పనికి కూలి ఇవ్వగలగాలి. లేకపోతే మూత.

ఒక దుప్పటి లెక్క చెప్తాను, ఇలాంటి లెక్కలు ఎవరూ బయట పెట్టరు కాబట్టి. 620కి కొంటాను, 899కి అమ్ముతాను. వినడానికి 279 మిగులు. అందులో కొరియర్‌కి 95, డబ్బా, కవరు, టేపుకి 30, డబ్బు వసూలు చేసి పెట్టే గేట్‌వేకి 18, జీఎస్టీ 43, ఒక ఆర్డర్ రావడానికి ప్రకటనల మీద సగటున 70. మిగిలేది 23 రూపాయలు. ఒక క్యాష్ ఆన్ డెలివరీ పార్శిల్‌ని "ఇప్పుడొద్దు" అని తిప్పి పంపితే పోనూ రానూ బాడుగ నాదే, 190. ఆ ఒక్క వాపసు పూడాలంటే ఎనిమిది దుప్పట్లు అమ్మినా చాలదు. ఈ లెక్కలో ఆదోనిలో మా అమ్మ డాబా మీద మడతలు పెట్టి, చీటీలంటించి, సంచి మోసుకుని కొరియర్ ఆఫీసుకి పోవడం లేదు. మన సైడ్ బిజినెస్‌లలో చాలా వాటి అసలు పెట్టుబడి ఇదే. అమ్మ మోకాళ్లు, భార్య ఆదివారం, తమ్ముడి బండి పెట్రోలు. బ్యాలెన్స్ షీట్లో కనపడవు. ఇంట్లో వాళ్లు అడగరు, మనం రాయం.

వ్యాపారం ఎప్పుడు వదలాలో తెలుసుకోవడానికి మేనేజ్‌మెంట్ పుస్తకాలు అక్కర్లేదు. పత్తికొండ టమోటా రైతుని చూస్తే చాలు. ధర పడిపోయిన ఏడు ఆ చుట్టుపక్కల కోయని చేలు, రోడ్డు పక్కన పారబోసిన కాయ అందరూ చూసినవే. పేపర్లు దాన్ని కన్నీటి కథగా రాస్తాయి. కన్నీళ్లు నిజమే. కానీ ఆ కన్నీళ్ల మధ్యే రైతు ఒక కచ్చితమైన లెక్క వేస్తున్నాడు. నారుకి, మందులకి, నీళ్లకి పెట్టింది ఎటూ పోయింది, దాన్ని పక్కన పెట్టేస్తాడు. రేపు పొద్దున కోతకూలి, మార్కెట్ దాకా బాడుగ, కమీషన్ ఇచ్చాక చేతికేమైనా వస్తుందా అని మాత్రం చూస్తాడు. రాదంటే చేలోకి గొర్రెల్ని తోలతాడు. "ఇన్నాళ్లు పెంచాను కదా, ఇంకో రెండు వేలు పెట్టి కోసి అమ్ముతా" అనడు. ఇంత చదువుకున్న మనం సరిగ్గా ఆ మాటే అంటాం. "మూడేళ్లు కష్టపడ్డాను, ఇప్పుడెలా వదిలేస్తాను?" ఆ మూడేళ్లు నారుకి పెట్టిన డబ్బు. రేపటి కోతకూలి మాటేమిటి?

రైతుకి ఆ ప్రశ్న ఒక్కరోజులో, పెద్ద మొత్తంగా ఎదురొస్తుంది. మనకి నెలకి ఎనిమిది వందలు, పన్నెండు వందలుగా వస్తుంది కాబట్టి తెలియదు. ఓటీటీ చందాల పక్కన ఇంకో చందాలాగా కట్ అయిపోతుంది. నిజానికి పెద్ద నష్టం వచ్చిన వ్యాపారం అదృష్టవంతురాలు, త్వరగా పోతుంది. కొద్దికొద్దిగా నష్టపోయేదే ఏళ్ల తరబడి ఉంటుంది, జ్వరం లేని జబ్బులాగా.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, అది బలమైనది కూడా. మన పక్కనే ఉన్న కోలార్ బంగారు గనుల సంగతి తీసుకోండి. భారత్ గోల్డ్ మైన్స్ అనే ప్రభుత్వ కంపెనీ ఆ గనుల్ని 2001 ఫిబ్రవరి 28న మూసేసింది. తవ్వే కొద్దీ నష్టం. అప్పుడు అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు బంగారం 270 డాలర్లు కూడా లేదు. సరిగ్గా అప్పట్నుంచే ధర లేవడం మొదలై, 2011కి 1,900 డాలర్లు దాటింది. "చూశావా, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టి ఉంటే!" అని ఈ ఉదాహరణ నాకు ఒక మిత్రుడు గెలిచిన ముఖంతో చెప్పాడు. నేను అడిగింది ఒకటే. పదేళ్ల ఓపికకి డబ్బెవరివ్వాలి? కంపెనీలకి వేచి ఉండటం ఖాతాలో ఒక పద్దు. జొన్నగిరిలోనే చూడండి. అక్కడి బంగారం కోసం ఒక ప్రైవేటు కంపెనీకి మైనింగ్ లీజు 2013లో వచ్చింది, ఆ తర్వాత కూడా తవ్వకం దాకా రావడానికి ఏళ్లు పట్టింది. వాటాదారుల డబ్బు ఉంది కాబట్టి కూర్చోగలరు. ముప్పై ఏళ్ల మనిషి సైడ్ బిజినెస్ పెట్టుకుని పదేళ్లు కూర్చుంటే పోయేది డబ్బొక్కటే కాదు కదా. రాయాల్సిన కథ పోతుంది, నేర్చుకోవాల్సిన పని పోతుంది, పిల్లతో గడపాల్సిన సాయంత్రం పోతుంది. కోలార్ మూసివేతలో నాకు బాధ కలిగించేది వేరే ఉంది. మూసిన తర్వాత ఆ ఊరివాళ్లకేం పని అన్నదానికి జవాబు లేకపోవడం. ఇవాళ్టికీ అక్కణ్ణుంచి జనం తెల్లారుజామున రైలెక్కి బెంగళూరుకి పనులకి పోతారు. గని ఎలాగూ మూతపడేదే. మూత తర్వాతి సంగతి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఇక అన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించే మాట: "నేను లాభం కోసం చేయట్లేదు, నేతన్నల కోసం చేస్తున్నాను." చేనేత పేజీలు నడిపే మా బాపతు వాళ్లకి ఇది నోట్లో నానుతూ ఉంటుంది. లెక్కలడిగితే సేవ అంటాం. విరాళంగా ఇవ్వొచ్చు కదా అంటే వ్యాపారం అంటాం. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో నేతపనివాళ్లకి సహకార సంఘం పెట్టారు. ఆయనకి 1954లో పద్మశ్రీ వచ్చింది. ఎందుకు చెప్తున్నానంటే, నేతవాడికి అండ అంటే ఏమిటో ఆ ఊరికి అప్పుడే తెలుసు. నూలు, పని, కూలి, సరుకు కొనే దిక్కు ఏడాది పొడుగునా ఉండాలి. శనివారం రాత్రి తీరిక దొరికితే పోస్టు పెట్టే పేజీ ఆ పని చేయలేదు. చేస్తున్నానని చెప్పుకోకూడదు.

ఎమ్మిగనూరు బజార్లో కొట్టుకి అద్దె కట్టి, ఇద్దరు కుర్రాళ్లకి జీతమిచ్చి దుప్పట్లమ్మే ఒకాయన నన్ను సూటిగా అడిగాడు. "ఆ రేటుకి నీకెట్ల గిట్టుబాటైతాది మా?" చాలా మంచి ప్రశ్న. మన కొట్టు అద్దె, కరెంటు, తిండి అన్నీ మన ఆఫీసు భరిస్తుంది. అదే వ్యాపారం మీద బతికేవాడు మన ధరతో పోటీ పడాల్సి వస్తుంది. జీతం పోసి నష్టానికి అమ్మే వాళ్లు పదిమంది చేరితే ఊళ్లో ధర అదే అయిపోతుంది. దాన్ని సేవ అనడానికి నాకు నోరు రాదు.

2024 ఫిబ్రవరిలో, నా తేదీకి ఇంకా నెలపైన ఉండగా, నేసే ఆయన ఫోన్ చేశాడు. "ఏం మా, వచ్చే నెలకి ఎన్ని కావల్ల చెప్పు. లేదంటే లేదను. మగ్గం మీద ఏం ఎక్కియ్యల్లో తెలీక నీ ఫోన్ కోసం సూస్తాండా." ఆయనకి కావలసింది నా ఆశ ఎంత గట్టిదో తెలియడం కాదు, ఒక అంకె. "లేదు పెద్దనాయనా, మార్చి తర్వాత నేను చేయను" అన్నాను. ఒక్క క్షణం ఆగి "సరే, ముందే చెప్తివి, మంచిదాయ" అన్నాడు. ఆ వారమే వేరే వ్యాపారికి తువ్వాళ్లు ఒప్పుకున్నాడు. మనం "దీపావళి దాకా చూద్దాం" అన్నప్పుడల్లా అటు చివర ఇలాంటి మనిషి ఒకరు మగ్గం ఖాళీగా పెట్టుకుని ఉంటారు. సరుకిచ్చేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, అట్టపెట్టెలు కోసేవాళ్లు. మన మొహమాటం ఖరీదు వాళ్లు కడతారు.

ఇష్టానికి చేసే పనుల జోలికి నేను పోవట్లేదు. ఇలాంటి వెబ్ పత్రికలున్నాయి. అవి లాభం తెస్తామని ఎవరికీ చెప్పలేదు, డబ్బు రాలేదని ఎవరూ మూయమనరు. దుప్పట్లంటే ఇష్టమైతే నాలుగు కొనుక్కుని కప్పుకోవచ్చు, స్నేహితులకి ఫలానా మగ్గం మంచిదని చెప్పొచ్చు. జీఎస్టీ నంబరు, ప్రకటనల ఖర్చు, అమ్మ చాకిరీ లేకుండా.

మూయడం కూడా పనే అని ఎవరూ చెప్పరు కాబట్టి అదీ రాస్తాను. అమ్మకం లేని నెలలకి కూడా జీఎస్టీ రిటర్న్ వేయాలి. వేయకపోతే రోజుకి 20 రూపాయల చొప్పున ఆలస్య రుసుము. పేజీ ఆపేసి, నంబరు అలాగే వదిలేసిన మిత్రులకి ఈ సంగతి నోటీసు వచ్చాక తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ రద్దుకి దరఖాస్తు పెట్టాలి, రద్దయిన మూడు నెలల్లోపు ఆఖరి రిటర్న్ వేయాలి. చేతిలో ఉన్న సరుకు లెక్క అందులో చూపించాలి. నా దగ్గర పదకొండు దుప్పట్లు మిగిలాయి. ఎమ్మిగనూరు బజారాయన ఆరు తీసుకున్నాడు, 600 చొప్పున. మూడు ఆదోనిలో చుట్టాలు పంచుకున్నారు. రెండింటి మీద మేం పడుకుంటున్నాం, ఎన్ని ఉతుకులైనా రంగు పోలేదు. వెబ్‌సైట్ పేరు జూన్ దాకా నాదే. ఆటో రెన్యువల్ తీసేశాను.