బొటనవేలికి లెక్క చెప్పాల్సిందే

ఏకలవ్యుడి బొటనవేలు గురుదక్షిణ అయింది. అడిగినవాడు ఆచార్యుడు కాబట్టి దాన్ని ఎవరూ దోపిడీ అనలేదు, త్యాగం అన్నారు. ఇవాళ మన పిల్లల బొటనవేళ్లు రాయి క్రషర్లలో, రంపం మిల్లుల్లో తెగిపడుతున్నాయి. ఇప్పుడు దానికి పెట్టిన పేరు 'ఖర్మ'. మేస్త్రి కట్టు కట్టించి, చేతిలో పదివేలు పెట్టి బస్సెక్కిస్తాడు. "మంచోడు, మందులకైనా ఇచ్చాడు" అనుకుంటూ మనవాళ్లు ఊరికి తిరిగొస్తారు.

ఆ వేలికి చట్టంలో లెక్క ఉంది. 1923 నాటి పరిహారం చట్టం షెడ్యూలులో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టేనని రాసి ఉంది. పాతికేళ్ల కుర్రాడు, నెలకు 15,000 కూలి. ఆ చట్టం లెక్కన అతనికి రావలసింది 5,85,657 రూపాయలు. అదే వయసువాడు, అదే కూలివాడు పనిలో చనిపోతే అతని కుటుంబానికి 16,26,825 రూపాయలు. 2025 నవంబరు 21 నుంచి ఈ హక్కులు సామాజిక భద్రత కోడ్ ఏడో అధ్యాయంలోకి వచ్చాయి. చట్టం పేరు మారినా పనిచేయించుకున్నవాడి బాధ్యత అలాగే ఉంది. రోజు కూలీలకు ఇది వర్తించదని ఇంకా ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మినహాయింపును 2000లోనే సవరణ చేసి తీసేశారు.

మరి ఐదున్నర లక్షలకు పైగా రావలసిన చోట పదివేలతో ఎందుకు తిరిగొస్తున్నాం? కాంట్రాక్టరు వెనక లాయరు ఉన్నాడు. మన వెనక ఎవరూ లేరు. మేము చెప్పదలచింది ఇదే: పనిచోట దెబ్బ తగిలిన రోజే మనకూ ఒక లాయరు ఉండాలి, ఆ లాయరు మన షరతుల మీద ఉండాలి.

పెద్ద ప్రమాదాలు పత్రికల్లో పడతాయి. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు దేశమంతా చూసింది. ఆ జూన్ 30న పాశమైలారం రసాయన ఫ్యాక్టరీ పేలినప్పుడు మంత్రులు వచ్చారు, పరిహారం ప్రకటించారు. కానీ మన చావులు ఒక్కొక్కటిగా జరుగుతాయి. ఒకడు పరంజా మీదనుంచి జారతాడు. ఒకడికి కరెంటు తీగ తగులుతుంది. ఒకడి మీద దుంగ దొర్లుతుంది. అక్కడికి ఏ కెమెరా రాదు. మార్చురీ బయట వేపచెట్టు కింద పంచాయతీ మాత్రం జరుగుతుంది.

ఆ పంచాయతీ తీరు మనకు తెలుసు. శవం లోపల ఉంటుంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన భార్య ఒక పక్క కూర్చుని ఉంటుంది. కాంట్రాక్టరు మనిషి, మేస్త్రి, మన ఊరి నుంచే వచ్చిన ఒక చిన్న నాయకుడు బేరం మాట్లాడతారు. లక్షతో మొదలై రెండు లక్షల దగ్గర ఆగుతుంది. "ఇకమీదట ఎలాంటి కేసు పెట్టము" అని రాసిన కాగితం మీద ఆమె వేలిముద్ర పడుతుంది. వ్యాను కదులుతుంది.

ఆ కాగితం చెల్లదు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఏ ఒప్పందమూ చెల్లదని చట్టమే చెప్పింది. చనిపోయినవాడి పరిహారం అధికారి దగ్గర జమ చేయాలి, చేతికిచ్చింది పరిహారం కింద లెక్కకు రాదని కూడా చెప్పింది. అంటే రెండు లక్షలు తీసుకున్న ఆ తల్లి ఇప్పటికీ కేసు వేయవచ్చు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ఈ మాట ఆమెకు చెప్పేవాడు ఆ వేపచెట్టు కింద ఒక్కడూ లేడు.

లాయరు లేకపోతే ఇంకా ఏం పోతుందో చూడండి. "అతని కూలి నెలకు ఎనిమిది వేలే" అని కాంట్రాక్టరు ఒక్క ముక్క రాసిస్తాడు. 16,26,825 కాస్తా 8,67,640 అవుతుంది. ఒక్క అబద్ధానికి ఏడున్నర లక్షలు పోయినట్టే. మస్టరు తెప్పించమని, సాటి కూలీలను విచారించమని అడగడం తెలిసిన మనిషి కావాలి. "వాడు మా కూలీ కాదు, సబ్ కాంట్రాక్టరు మనిషి" అని కంపెనీ తప్పించుకుంటుంది. పని ఎవరిదో ఆ అసలు యజమాని కూడా బాధ్యుడేనని వాదించే మనిషి కావాలి. "తాగి పడ్డాడు" అంటారు. ఆదివాసీ అంటేనే తాగుబోతు అని ముద్ర వేసిన లోకం ఈ మాటను వెంటనే నమ్ముతుంది. కానీ చావుకు, పూర్తి శాశ్వత వైకల్యానికి ఆ సాకు పనికిరాదని చట్టం స్పష్టంగా చెప్పింది. ఆ వాక్యం చదివి వినిపించే నోరు కావాలి.

మనవాళ్లకు లాయర్లు కొత్త కాదు. 1/70 భూమి కేసుల్లో చూశాం. అటవీ కేసుల్లో, పోలీసు కేసుల్లో చూశాం. అందుకే భయం కూడా ఉంది. ఈ భయానికి కారణం ఉంది. పరిహారం కేసుల చుట్టూ 'పర్సంటేజీ' అనే జబ్బు తిరుగుతోంది. "ఇప్పుడేమీ ఇవ్వొద్దు, వచ్చినదాంట్లో మూడో వంతు నాది" అనేవాళ్లు ఆసుపత్రి గేటు దగ్గరే దొరుకుతారు. గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. మొదటి దోపిడీ కాంట్రాక్టరుదైతే రెండోది ఇది. మేము లాయరు ఫీజుకు వ్యతిరేకం కాదు. చేసిన పనికి ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాయాలి, రసీదు ఇవ్వాలి. తెగిన వేలి మీద వాటా అడిగేవాడు మన లాయరు కాదు.

అసలు ఫీజే అక్కర్లేని దారి ఉంది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. జిల్లా కోర్టులో న్యాయ సేవల సంస్థ ఉంటుంది. 15100 నంబరు ఉంది. మరి మన గూడేల్లో ఎంతమందికి తెలుసు? సదస్సు పెడతారు, బ్యానరు కడతారు, ఫోటో దిగుతారు, మధ్యాహ్నానికి కార్లు దిగిపోతాయి. కేసు అప్పగించిన లాయరుకు కార్మిక చట్టం తెలుసా, కోయ, గోండి, సవర, కువి మాట్లాడే తల్లి చెప్పేది అతనికి అర్థమవుతుందా అని ఎవరూ అడగరు. మేము అడుగుతున్నాం. ఏజెన్సీ జిల్లాల ప్యానెళ్లలో కార్మిక చట్టం తెలిసినవాళ్లను పెట్టండి. మా భాష తెలిసినవాళ్లను వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. మాకు కావలసింది మా కేసు నడిపే మనిషి. మీ సదస్సులు మీరే ఉంచుకోండి.

"కేసు అంటే ఏళ్లు పడుతుంది, చేతికొచ్చింది పుచ్చుకోండి" అని పెద్దలు అంటారు. ఏళ్లు పడుతుందన్నది నిజమే. కానీ నెలలోపు చెల్లించకపోతే ఏటా 12 శాతం వడ్డీ పడుతుంది, తగిన కారణం లేకుండా ఎగ్గొడితే సగం వరకు జరిమానా పడవచ్చు. పరిహారం ఇవ్వమన్న తీర్పు మీద యజమాని హైకోర్టుకు పోవాలంటే ముందు ఆ సొమ్ము జమ చేయాలి. ఈ సంగతి కాంట్రాక్టరుకు బాగా తెలుసు. అందుకే మార్చురీ దగ్గర అంత తొందర. "కేసు వేస్తే మళ్లీ పని ఇవ్వరు" అని కూడా అంటారు. వాళ్లకు కావలసింది చవక చేతులు. వచ్చే సీజనుకు మళ్లీ మన గూడేనికే వస్తారు.

మాస్టార్లూ, టీచరమ్మలూ, మీతో ఒక మాట. పౌరశాస్త్రంలో హక్కుల పాఠం చెబుతున్నారు, సంతోషం. ఆ పాఠం పక్కనే ఒక నోటుబుక్కు పెట్టండి. ఊరి నుంచి పనికి వెళ్లేవాళ్ల పేరు, మేస్త్రి ఫోను నంబరు, పని ఎక్కడ, ఏ కంపెనీ, రోజు కూలి ఎంత అన్నవి మీ విద్యార్థులతో రాయించండి. రేపు కమిషనరు ముందు కూలి ఎంతో తేల్చేటప్పుడు ఆ పుస్తకం ఆధారంగా నిలబడవచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోను మీ చేతిలో ఉంది. పనిచోటు ఫోటో, కూలి జమ అయిన మెసేజీ, తోటి కూలీల నంబర్లు దాచండి. ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం, ఆసుపత్రి కాగితాల నకళ్లు తీసుకోండి. లాయరును కలిసినప్పుడు బెదరకుండా అడగండి: ఇలాంటి కేసులు ఎన్ని చేశారు? ఆ కంపెనీకి, ఆ ఇన్సూరెన్సుకు మీరు పనిచేస్తున్నారా? ఫీజు ఎంత? డబ్బు నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలోనే పడుతుందా? ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. కేసు నంబరు మీ దగ్గర రాసి పెట్టుకోండి. పరిహారం కేసులో బాధితుల తరఫున రిజిస్టరైన కార్మిక సంఘం ప్రతినిధి కూడా నిలబడవచ్చని గుర్తుంచుకోండి.

ఇంకో మాట. డిగ్రీ అయ్యాక బీఈడీ, కానిస్టేబులు, గ్రూప్స్ అంటూ పరుగెడుతున్నాం. ఏడాదికి మండలానికి ఇద్దరైనా లా చదవండి. చదివి భూమి కేసులతోనే ఆగకండి, కార్మిక శాఖ మెట్లు కూడా ఎక్కండి. అంతవరకు మార్చురీ దగ్గర ఎవరైనా కాగితం చాపితే మన జవాబు ఒకటే కావాలి: "మా లాయరు వచ్చేదాకా వేలిముద్ర పడదు."