ఆ ‘ఉండి కూడా’ మీద నా పేచీ

అలన్ పేజ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇంచుమించు ఒకే వాక్యం వినిపిస్తుంది: ఫుట్‌బాల్ ఆటగాడై ఉండి కూడా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు! మెచ్చుకోలుగానే అంటారు, కాదనను. నా పేచీ ఆ ‘ఉండి కూడా’ మీద.

ఆ ఆటతో పరిచయం లేనివారికోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ టాకిల్ అంటే రక్షణ వరుసకు నడిమధ్యన నిలబడేవాడు. బంతి కదిలిన మరుక్షణం ఎదుటి బలాఢ్యులను తోసుకుంటూ పోయి, బంతి చేతిలో ఉన్నవాణ్ణి నేలకూల్చాలి. 1967 నుంచి 1978 దాకా మిన్నెసోటా వైకింగ్స్ జట్టులోను, ఆపైన 1981 దాకా షికాగో బేర్స్‌లోను పేజ్ చేసిన పని ఇదే. వరుసగా 218 ఆటలు, ఒక్కటీ మానకుండా ఆడారు. 1971లో లీగ్ మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడిగా అసోసియేటెడ్ ప్రెస్ ఆయన్ను ఎంపిక చేసింది. రక్షణ పక్షంలో ఆడేవారికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

న్యాయశాస్త్రంలో మొదటిసారి చేరి కొద్ది వారాలకే విరమించుకున్నారు. మళ్ళీ చేరి, ఒకపక్క ఆడుతూనే, మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి 1978లో పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడాది వైకింగ్స్ ఆయన్ను వదిలించుకుంది. దూరపు పరుగు అలవాటై ఆయన బరువు తగ్గారు. ఆ స్థానానికి ఇక చాలరని శిక్షకుడు బడ్ గ్రాంట్ తేల్చారు. విశ్వవిద్యాలయం బుద్ధిని పరీక్షించిన ఏడాదే జట్టు ఒంటిని తూచి చాలదంది. ఆ తర్వాత బేర్స్‌కు ఆయన మూడేళ్ళకు పైగా ఆడారు.

చట్టంతో ఆయన సంబంధం ఆట ముగిశాక మొదలైంది కాదు. ఒప్పందం తీరిన ఆటగాడు మరో జట్టుకు వెళ్ళకుండా అడ్డుపడే రోజెల్ నిబంధనపై వేసిన దావాలో ఆయనా ఒక వాది. 1976లో అప్పీలు కోర్టు ఆటగాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. 1992లో, పదవిలో ఉన్న న్యాయమూర్తి గడువును గవర్నరు పొడిగించడంతో ఆ స్థానానికి జరగవలసిన ఎన్నిక ఆగిపోతే, పోటీచేసే హక్కు కోసం పేజ్ కోర్టుకెక్కి గెలిచారు. ఎన్నికలోనూ గెలిచి మిన్నెసోటా సుప్రీంకోర్టులో తొలి ఆఫ్రికన్ అమెరికన్ న్యాయమూర్తి అయ్యారు. 2015లో, 70 ఏళ్ళ వయోపరిమితి వచ్చేదాకా అక్కడే ఉన్నారు.

ఇందులో అద్భుతమేముంది? పట్టుదల ఉంది, శ్రమ ఉంది. అద్భుతం అనడం మాత్రం వ్యవస్థకు సౌకర్యం. పేజ్‌ను వింత కింద జమకడితే, మిగిలినవారికి చదువెందుకు రాలేదని ఎవరూ అడగనక్కర్లేదు. తన సహచరుల్లో కొందరు జట్టు వ్యూహాల పుస్తకాన్ని కూడా చదవలేకపోయేవారని ఆయనే చెప్పారు. బడులు, కళాశాలలు దాటి వచ్చినవారే వాళ్ళు! వాళ్ళ కండలు చూసి అన్ని మెట్లూ ఎక్కించిన పెద్దలెవరూ ఆ చేతుల్లో పుస్తకం పెట్టలేదు. ఇక ఆ ‘ఉండి కూడా’లో ఆటతోపాటు ఒంటిరంగు కూడా దాగి ఉందేమో, అనేవారే గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పాలి.

1988లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో ఆయనకు హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది. అది ఆయన పుట్టిన ఊరే. ఆ భవనం కడుతున్నప్పుడు కుర్రవాడిగా అక్కడ కూలిపని కూడా చేశారు. తనను సభకు పరిచయం చెయ్యడానికి ఏ శిక్షకుణ్ణో పిలవక, ఒక బడి ప్రధానోపాధ్యాయినిని పిలిచారు. మాట్లాడింది చదువు గురించి. ఆ ఏడాదే పెట్టిన పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ విద్యార్థులకు వేతనమిస్తూ ఒక షరతు పెట్టింది: వారు చిన్నపిల్లలకు చదువులో తోడ్పడాలి.

“అరుదైనదాన్ని అరుదంటే తప్పా?” అంటారు. తప్పు కాదు. అయితే ఎందుకు అరుదైందో అడగకుండా చప్పట్లతో సరిపెట్టడం తప్పు. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పజెప్పే మన బడులనుంచి వచ్చినవాళ్ళం గనుక, ఆట వేరు, బుద్ధి వేరు అన్న నమ్మకం మనకూ జీర్ణించుకుపోయింది. ఇకమీదట పేజ్ గురించి రాసేవారు ఆ రెండు మాటలూ కొట్టేసి రాయాలని నా మనవి. ఆడారు, చదివారు, తీర్పులు చెప్పారు. అంతే.